ఎడారిలో పొదుపు చేయరాని నీరు

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రులను కొన్ని కుటుంబాలు ఎడారి విడిదికి కూడా తీసుకువెళుతున్నాయి. వంటగది, పడకలు, మరుగుదొడ్డి అన్నీ ఒకే వాహనంలో అమరిన మోటార్ హోమ్‌ను అద్దెకు తీసుకుంటారు. అరిజోనా, నెవాడా, దక్షిణ కాలిఫోర్నియా ఎడారులలో కరెంటు తీగ గాని, కుళాయి గాని లేని చోట దానిని నిలిపి నాలుగు రోజులు గడుపుతారు. అక్కడి కేంద్ర ప్రభుత్వ భూములను చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చాలాచోట్ల 28 రోజుల వ్యవధిలో 14 రోజుల వరకు ఇలా ఉండనిస్తుంది. చలికాలం వస్తే అరిజోనాలోని క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరి చుట్టూ ఇటువంటి వాహనాలు వేల సంఖ్యలో బారులు తీరతాయి.

ఈ విహారాన్ని నేను కాదనను. పట్టణపు వెలుగు సోకని ఆకాశం, ఫోను మోగని రాత్రి, ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని తినే భోజనం ఆరోగ్యానికి మేలు చేసేవే. అయితే బయలుదేరేవారు వేసుకునే లెక్కలన్నీ వాహనానికి సంబంధించినవే అవుతున్నాయి. బ్యాటరీ ఎంత, గ్యాసు ఎంత, సోలార్ పలకలు ఎన్ని అని చూస్తారు. వాహనంలో కూర్చున్న డెబ్బై ఏళ్ల శరీరం లెక్కను ఎవరూ వేయరు. ఆ లెక్క తప్పేది ముఖ్యంగా నీటి దగ్గర.

మోటార్ హోమ్‌లో సాధారణంగా మూడు ట్యాంకులు ఉంటాయి. మొదటిది మంచినీటిది. రెండవది స్నానం చేసిన నీరు, గిన్నెలు కడిగిన నీరు చేరేది. మూడవది మరుగుదొడ్డిది. మొదటిది ఖాళీ అయినా, మూడవది నిండినా విడిది ముగిసినట్లే. అందుకే అనుభవజ్ఞులు కొత్తవారికి చెప్పే మొదటి మాట “నీళ్లు జాగ్రత్త” అని. వాహనానికి అది మంచి సలహాయే. కాని ఆ మాట పెద్దవారి చెవిన పడేసరికి “తక్కువ తాగండి” అన్న అర్థం వస్తుంది.

దానికి కారణం పిసినారితనం కాదు, మొహమాటం. వాహనంలోని మరుగుదొడ్డి ఇరుకుగా ఉంటుంది. పలుచని తలుపుకు అవతలే మనుమలు, కోడలు లేదా అల్లుడు కూర్చుని ఉంటారు. పైగా ఆ ట్యాంకును చివరికి గొట్టం తగిలించి ఖాళీ చేసేది తన కొడుకేనని తల్లికి తెలుసు. నా వల్ల వాడికి ఆ పని ఎందుకు పెరగాలి అనుకుంటుంది. మన ఆడవారికి ఈ విద్య కొత్తది కాదు. దారిలో మరుగుదొడ్డి దొరకదని బస్సు ప్రయాణానికి ముందు నీళ్లు మానేయడం వారికి చిన్ననాటి నుంచీ అలవాటే. ఆ అలవాటునే ఎడారికి మోసుకువెళతారు. “దాహంగా లేదు నాయనా” అంటారు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు కూడా. వయసు పెరిగేకొద్దీ దాహపు సూచన మందగిస్తుంది. శరీరానికి నీరు తగ్గినా నాలుక చెప్పదు.

“మా అమ్మానాన్నలు రెంటచింతల ఎండలు చూసినవారే, ఇదెంత?” అని మీరు అనవచ్చు. ఎండకు అలవాటు పడిన శరీరం కొంత మెరుగన్నది నిజమే. అయితే అమెరికాలో నెలల తరబడి ఏసీ ఇంట్లో గడిపితే ఆ అలవాటు సడలిపోతుంది. ఇంకొక తేడా గాలిలో ఉంది. విజయవాడ ఉక్కలో చెమట ఒంటిమీద నిలిచి చొక్కా తడుపుతుంది కనుక నీరు పోతున్నదని తెలుస్తుంది. ఎడారి గాలి పొడిది. చెమట పట్టిన క్షణంలోనే ఆరిపోతుంది. ఒళ్లు పొడిగా ఉన్నదని మనం అనుకుంటూ ఉండగానే లీటర్ల కొద్దీ నీరు ఆవిరైపోతుంది.

దీనికి మందుల తోడు ఉంటుంది. బీపీకి వాడే హైడ్రోక్లోరోథయజైడ్, గుండె జబ్బులో వాడే ఫ్యూరోసెమైడ్ మూత్రాన్ని పెంచుతాయి. షుగరుకు వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కూడా అంతే. టెల్మిసార్టాన్ వంటి బీపీ మాత్రలు వాడుతున్నవారి ఒంట్లో నీరు బాగా తగ్గితే మూత్రపిండాల మీద భారం పడుతుంది. వీటిలో దేనినీ సొంతంగా ఆపవద్దు. బయలుదేరే ముందు వైద్యుని అడిగి, వేడిలో మోతాదు మార్చాలా, వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఏ మాత్ర ఆపాలి అన్నది కాగితం మీద రాయించుకోండి. గుండె బలహీనత వల్లనో, మూత్రపిండాల జబ్బు వల్లనో నీటికి పరిమితి విధించినవారికి ఎక్కువ నీరూ ప్రమాదమే, తక్కువ నీరూ ప్రమాదమే. అటువంటివారిని వేసవి ఎడారికి తీసుకువెళ్లడం తగదని నా నిశ్చితాభిప్రాయం.

ఇప్పుడు లెక్క చూద్దాం. మనిషికి రోజుకు కనీసం ఒక గ్యాలన్, అంటే సుమారు 4 లీటర్ల నీరు తాగాలని డెత్ వ్యాలీ జాతీయ వనం అధికారులు సందర్శకులకు చెబుతారు. ఐదుగురు మనుషులు, నాలుగు రోజులు అంటే 80 లీటర్లు. ఇంట్లో పది నిమిషాలు షవర్ కింద నిలబడితే దాదాపు అంత నీరూ పోతుంది. ఒక్కరి ఒక్క స్నానం కుటుంబమంతా నాలుగు రోజులు తాగే నీటితో సమానం. పొదుపు చేయవలసింది స్నానం దగ్గర, గిన్నెల దగ్గర. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంటే చాలు, కాగితపు విస్తళ్లలో తింటే చాలు. గొంతు దగ్గర మాత్రం పొదుపు వద్దు.

అందుకు నేను సూచించే పద్ధతి సులభమైనది. తాగే నీటిని ట్యాంకులో కలపకుండా వేరే క్యాన్లలో పెట్టండి. అనుకున్న రోజులకు మరో రెండు రోజుల నీరు అదనంగా ఉంచండి. నీటికి పరిమితి లేని పెద్దవారికి ఎవరి సీసా వారికి ఇచ్చి, పొద్దున ఎన్ని నింపారో, సాయంత్రానికి ఎన్ని ఖాళీ అయ్యాయో చూడండి. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోయినట్లు, ముదురు రంగులోకి మారితే చాలనట్లు. అన్నం, పచ్చడి, మజ్జిగ మామూలుగా తీసుకుంటున్నవారికి ఉప్పు లోటు సాధారణంగా రాదు. ఏమీ తినకుండా ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే మాత్రం రక్తంలో సోడియం పడిపోవచ్చు. వీటన్నిటికంటే ముఖ్యమైనది మీ నోటి మాట. “ట్యాంకు నిండితే ఒక రోజు ముందే వెనక్కి వెళదాం, మీరు తాగడం మానవద్దు” అని మొదటి రోజే, అందరి ముందూ చెప్పండి. ఆ మాట వినకపోతే వారు నోరు తెరిచి అడగరు.

నీరసం, తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం మొదటి హెచ్చరికలు. నీడలో పడుకోబెట్టి నీరు పట్టండి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, మనిషి మగతలోకి జారినా అది వడదెబ్బ. అప్పుడు శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండవచ్చు. పారాసెటమాల్ పనిచేయదు. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు. వెంటనే 911కు కబురు చేసి, వంటిమీద నీళ్లు పోసి గట్టిగా విసరండి. నీరు ఆరినప్పుడల్లా మళ్లీ తడపండి. ట్యాంకులోని నీరంతా అయిపోయినా సరే. ఎడారిలో చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు కనుక ఉపగ్రహం ద్వారా సందేశం పంపగల సాధనం ఒకటి దగ్గర ఉంచుకోండి. అంబులెన్సు రావడానికి పట్టే సమయాన్ని విడిది చోటు ఎంచుకునేటప్పుడే ఆలోచించుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలన్నది అసలు నిర్ణయం. 1913 జూలై 10న డెత్ వ్యాలీలో నమోదైన 56.7 డిగ్రీలు నేటికీ ప్రపంచ రికార్డుగా గుర్తింపు పొంది ఉంది. సోలార్ పలకలు దీపాలకు, ఫోన్లకు సరిపోతాయి గాని ఏసీని గంటల తరబడి నడపడానికి సాధారణంగా చాలవు. చిక్కేమిటంటే పిల్లలకు సెలవులు దొరికేది ఆ మండు నెలలలోనే. పెద్దలు వేసవిలో వస్తే వారిని సముద్ర తీరానికో, కొండలకో తీసుకువెళ్లండి. ఎడారిని నవంబరు, మార్చి నెలల మధ్యకు వాయిదా వేయండి. అక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు.

చలికాలంలోనూ ఒక ప్రమాదం ఉంది. రాత్రి చలి గడ్డకట్టించే దాకా పోవచ్చు. అప్పుడు కిటికీలు బిగించి గ్యాసు పొయ్యిని కుంపటిగా వాడడం, జనరేటర్‌ను కిటికీ పక్కనే నడపడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. వేరుగా తెచ్చుకున్న జనరేటర్ కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి. వాహనానికి అమర్చిన జనరేటర్‌ను అందరూ నిద్రపోయే ముందు ఆపాలి. హెచ్చరిక యంత్రం పనిచేస్తున్నదో లేదో బయలుదేరే రోజే నొక్కి చూడండి.

పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. మీ అమ్మానాన్నలు మీకు భారం కాకూడదని తమ దాహాన్ని దాచుకుంటారు. వారు చెప్పే దాకా ఆగకుండా గ్లాసు చేతికివ్వండి. పెద్దలారా, మీకూ ఒక మాట. ట్యాంకు ఖాళీ చేయడం మీ అబ్బాయికి పది నిమిషాల పని. మిమ్మల్ని ఎడారి నుంచి ఆసుపత్రికి చేర్చడం అలా కాదు. నిస్సంకోచంగా తాగండి.