హైనెమాన్‌ను ఒక్క వాక్యంలో తేల్చేస్తారా?



జర్మనీ అధ్యక్షులపై గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ పదవి ఉత్సవ విగ్రహం లాంటిదన్న మాటతో నాకు పేచీ లేదు; అధికారమంతా చాన్సలర్‌దే. కానీ గుస్టాఫ్ హైనెమాన్‌ను పదవుల కోసం పార్టీలు మారిన నాయకుడిగా తేల్చేయడం అన్యాయం.

పదవే కావాలనుకున్నవాడు హోంమంత్రి కుర్చీ వదులుకుంటాడా? 1950లో మంత్రివర్గానికి చెప్పకుండానే చాన్సలర్ అడెనావర్ జర్మన్ సైనికులను ఇస్తామని అమెరికన్లకు ప్రతిపాదించారు. యుద్ధం ముగిసి అప్పటికి ఐదేళ్లే. హైనెమాన్ రాజీనామా చేశారు. తర్వాత పెట్టిన సొంత పార్టీకి 1953 ఎన్నికల్లో ఒక్క సీటూ రాలేదు. 1957లో దాన్ని రద్దు చేశాకే సోషల్ డెమోక్రాట్లలో చేరారు. నాజీల కాలంలో ప్రొటెస్టెంట్ చర్చి చేసిన తప్పును ఒప్పుకుంటూ 1945లో వెలువడిన స్టుట్‌గార్ట్ ప్రకటనపై ఆయన సంతకం కూడా ఉంది.

1968 ఏప్రిల్‌లో విద్యార్థి నేత రూడీ డుచ్‌కేపై కాల్పులు జరిగి వీధులు అట్టుడికాయి. అప్పుడు న్యాయమంత్రిగా ఉన్న ఆయన, ఎదుటివారిపై వేలెత్తి చూపితే మూడు వేళ్లు మనవైపే తిరిగి ఉంటాయని అన్నారు. మన పెద్దలూ అనే మాటే అది. విద్యార్థులపై కోపం భగ్గుమంటున్న వేళ ఒక మంత్రి నోట రావడమే దాని విలువ.

1969 మార్చి 5న మూడో విడత ఓటింగులో 512-506తో అధ్యక్షుడయ్యారు. 1974లో రెండోసారి పోటీ చేయలేదు. దయచేసి ఆ వాక్యాన్ని సవరించండి.

– ఒక పాఠకుడు, విజయవాడ