అధస్సూచికల మరమ్మతు

కాళిదాసకావ్యములను వ్యాఖ్యానించిన కోలాచల మల్లినాథసూరి, మూలము లేనిదేదియు వ్రాయబోనని మొదటనే ప్రతిజ్ఞ చేసికొనెను. 2003వ సంవత్సరము డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియా వ్యాసముల చివర ఆధారములుంచు చోటికి ‘మూలాలు’ అనియే పేరు. ఆ పండితుడొక్కడు పాటించిన నియమమును ఇచ్చట ఒకరినొకరెఱుగని అనేకులు పాటింపవలెను. చిక్కంతయు నచ్చటనే యున్నది.

వికీలో అధస్సూచికను చేర్చువారు కోణపు గుర్తుల నడుమ ‘రెఫ్’ అని తెరచి, గ్రంథవివరము వ్రాసి, వాలుగీత చేర్చిన మరియొక ‘రెఫ్’తో మూయవలెను. మూత మరచినచో, తరువాతి సూచిక మూత వఱకు గల వాక్యములు పుటనుండి మాయమగును. ఒకే గ్రంథమును పలుమార్లు ఉదాహరింపవలసినపుడు దానికొక పేరుంచి, వివరము నొక్కచోటనే యిచ్చి, తక్కినచోట్ల పేరుతో పిలుతురు. ఆంగ్లవ్యాసమున కొంత భాగమునే తెనిగించువారు ఒక్కొక్కప్పుడు పిలుపును తెచ్చి, వివరమును అనువదింపని భాగములోనే విడిచివత్తురు. అప్పుడు మూలాల పట్టికలో ఎఱ్ఱని అక్షరములతో దోషసూచన కనబడును.

దీనికి కొందరు చేయు చికిత్స ఆ పిలుపును తుడిచివేయుట. ఎఱుపు పోవును, పుట శుభ్రమగును. కాని ఆధారము పోయిన వాక్యము మాత్రము నిలిచియే యుండును. ఇది సాక్షి తడబడెనని సాక్షిని వెడలగొట్టి, వాదమును నిలుపుకొనుట వంటిది. తాళపత్రము శిథిలమైనచోట మంచి పరిష్కర్త పాఠమును మరియొక ప్రతిలో వెదకునుగాని పద్యమును తీసివేయడు. ఇచ్చటను అంతే. పుట యొక్క పాత కూర్పులు చరిత్రలో భద్రముగా నున్నవి. ఆంగ్లవ్యాసమును ఎదుటనే యున్నది. తప్పిపోయిన వివరమును వెదకి తేవలెను.

ఇది గుమాస్తాపని యనువారు కలరు. నేనట్లు తలపను. ఐఎస్‌బిఎన్ సంఖ్యలో కడపటి అంకె తక్కినవానిని సరిచూచునది. నడుమ నొక అంకె తప్పినచో యంత్రమే పట్టుకొనును. ఆ గ్రంథములో ఆ మాట నిజముగా కలదా యనునది మాత్రము పుటలు త్రిప్పి చదివినవాడే చెప్పవలెను.

మన విద్యార్థులు వికీనుండి వాక్యములెత్తి వ్రాయుట ఉపాధ్యాయులెల్లరు నెఱిగినదే. వలదని మందలించుటకంటె, వారమునకొక ఎఱ్ఱని దోషమును వారిచేత సరిచేయించుట మేలు. పోయిన మూలమును ఒక్కసారి వెదకితెచ్చిన బాలుడు ఆపై ఆధారమడుగక ఏ మాటను సులభముగా నమ్మడు.