మరుగుదొడ్డికి ఏ మూలైతేనేం?

తిరుపతిలో ఇల్లు బేరానికి వచ్చిందంటే అంకణం ఎంత, ముందు రోడ్డు ఎన్ని అడుగులు, నీళ్లు ఏపాటి వస్తాయి అని అడిగాక మాట మరుగుదొడ్డి మీదికి మళ్లుతుంది. కింద లెట్రిన్ ఉందా అని ముందు అడుగుతారు. ఉందంటే ఏ మూలన ఉందని అడుగుతారు. బేరం చెడేది ఈ రెండో ప్రశ్న దగ్గరే. “ఇల్లు బాగుండాది గానీ అన్నా, ఈశాన్యంలో లెట్రిన్ ఉండాదే!” అని మధ్యవర్తి ఒక్క మాట అంటే చాలు, అడ్వాన్సు ఇద్దామని వచ్చినవాళ్లు వెనక్కి తిరుగుతారు. అమ్మేవాళ్లు ధర తగ్గించుకోవాలి, లేదా బాగున్న గోడలు పగలగొట్టించి లెట్రిన్‌ను వాయవ్యానికి మార్పించాలి. చిత్తూరులోనూ, మదనపల్లెలోనూ, శ్రీకాళహస్తిలోనూ ఇదే తంతు.

కింద మరుగుదొడ్డి ఉండటం ముఖ్యమా అంటే చాలా ముఖ్యం. అది ఏ దిక్కున ఉందన్నది మాత్రం ఇంట్లోవాళ్ల ఆయుష్షునూ, చదువునూ, సంపాదననూ ఏమీ చేయదు. మొదటి ప్రశ్న మనుషుల అవసరం నుంచి పుట్టింది. రెండోది భయం నుంచి పుట్టింది. భయం పెద్దదై అవసరాన్ని మింగేస్తోంది. నా అభ్యంతరమంతా దాని మీదే.

అవసరం సంగతి ముందు చూద్దాం. మన ఊళ్లలో కింది భాగం అద్దెకిచ్చి ఇంటివాళ్లు మిద్దె మీద ఉండటం మామూలు. లేదంటే కింద హాలు, వంటిల్లు, పూజగది కట్టుకుని పడక గదులూ బాత్రూములూ పైన కట్టుకుంటారు. నలభై ఏళ్ల వయసులో కట్టుకున్నప్పుడు మెట్లు ఇబ్బంది అనిపించవు. తల్లిదండ్రులకు డెబ్భై దాటాక, లేదా తమకే మోకాళ్లు అరిగాక ఆ మెట్లే అడ్డుగోడ అవుతాయి. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రికి కీళ్ల ఆపరేషన్ల కోసం ఎంతెంతో దూరం నుంచి వస్తారు. ఆపరేషన్ అయి ఇల్లు చేరిన మనిషికి మొదట కావలసింది నాలుగడుగుల్లో అందే కమోడ్. అది పైన ఉంటే రాత్రి పూట లేవాల్సి వస్తుందని ముసలివాళ్లు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు, మలబద్ధకం, చీకట్లో మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగడం దాని ఫలితాలే. గర్భిణులకూ, ఇప్పుడిప్పుడే నడక నేర్చిన పిల్లలకూ, అంగవైకల్యం ఉన్నవాళ్లకూ ఇదే అవసరం.

అయినా మన ఇళ్లలో జరుగుతున్నదేమిటి? స్థలం చిన్నది. కింద మరుగుదొడ్డి పెట్టాలంటే పైపుకూ గాలికీ వీలుగా ఉన్న మూల ఈశాన్యమే అవుతుంది. వాస్తు సిద్ధాంతి వద్దంటాడు. వేరే చోటు కుదరక కింద లెట్రిన్ అన్నదే మానేస్తారు, లేదా మెట్ల కింద తల వంచుకుని దూరాల్సిన గూట్లోకి నెడతారు. కిటికీ లేదు, నిలబడే ఎత్తు లేదు, పట్టుకోవడానికి కడ్డీ లేదు. ముసలి అవ్వ సౌకర్యాన్ని తీసి వాస్తు పురుషుడి తలకు కాపలా పెట్టినట్టే కదా ఇది?

ఈశాన్యం ఈశ్వరుడి స్థానమనీ, వాస్తు పురుషుడి తల అక్కడ ఉంటుందనీ, అక్కడ మలవిసర్జన చేస్తే కొడుకులకు కీడనీ చెబుతారు. ఆ శాస్త్రం పుట్టిన కాలంలో ఇంట్లో మరుగుదొడ్డి అన్న ఊహ ఎంత ఉండేది? మలమూత్రాలు ఇంటికి దూరంగా విడవాలని స్మృతులు చెప్పాయి. ఆ దూరానికి అప్పట్లో అర్థం ఉంది. కంపునూ ఈగలనూ అడ్డుకునే సాధనం మనుషుల చేతిలో లేదు. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల నిపుణుడు, వంపు తిరిగిన పైపులో ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి ఉండే మరుగుదొడ్డికి పేటెంటు పొందాడు. ఆ కాసిని నీళ్లే గొట్టంలోని దుర్గంధాన్ని గదిలోకి రాకుండా ఆపుతాయి. ఈనాడు మనం వాడే ప్రతి బేసిన్ కిందా ఆ వంపు ఉంది. దూరం పాటించడానికి ఉన్న కారణం ఆ వంపుతో తీరిపోయింది. కారణం పోయాక కూడా భయాన్ని మోసుకు తిరగడమే ఆచారమైంది.

శాస్త్రం ఒకే మాట చెబుతుందా అంటే అదీ లేదు. వాస్తు పండితులు చూపే సంస్కృత శ్లోకాల్లో ఒకటి మలవిసర్జన గదిని దక్షిణానికీ నైరుతికీ నడుమ పెట్టమంటుంది. ఈ కాలపు తెలుగు వాస్తు సలహాల్లో ఎక్కువ భాగం వాయవ్యానికి ఓటేసి, నైరుతిలో గొయ్యి తవ్వితే యజమానికే ముప్పు అంటాయి. ఇద్దరు సిద్ధాంతులను పిలిస్తే మూడు మూలలు చెప్పే విద్యను కొలతల శాస్త్రమని ఎలా ఒప్పుకోవాలి? గుడి కట్టే శిల్పుల లెక్కలు, ప్రమాణాలు వేరు. టీటీడీ తిరుపతిలో శిల్ప విద్యకు ప్రత్యేకంగా సంస్థనే నడుపుతోంది. ఆ పనితనం మీద నాకు గౌరవమే. పిల్లవాడి పరీక్షను లెట్రిన్ గోడకు ముడిపెట్టే ఊహాగానానికి ఆ గౌరవం వర్తించదు.

కొందరు దీనికి సైన్సు రంగు వేస్తారు. ఉదయపు ఎండ ఈశాన్యం నుంచి వస్తుంది, క్రిములను చంపుతుంది, అందుకే అక్కడ మరుగుదొడ్డి కూడదంటారు. ఉదయపు ఎండ క్రిములను చంపేదే అయితే ఇంట్లో అన్నిటికన్నా తేమగా ఉండే గదికే అది ముందు కావాలి. వాళ్ల వాదన ప్రకారమే లెట్రిన్ ఈశాన్యంలో ఉండటం మేలు. గాలి సంగతి చూసినా అంతే. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలులు. ఏడాది పొడుగునా గాలికి ఎదురు కాని మూల ఏదీ లేదు.

ఇప్పుడు అసలు ప్రమాదం చూడండి. బోరు, సంపు ఈశాన్యంలో ఉండాలి, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో ఉండాలి అని చాలామంది చెబుతారు. ఒక వీధిలో పక్కపక్కనే రెండు ఇళ్లు అనుకుందాం. తూర్పు ఇంటి వాయవ్య మూల, పడమటి ఇంటి ఈశాన్య మూల ఒకే చోట కలుస్తాయి. ఇద్దరూ నిష్ఠగా వాస్తు పాటిస్తే ఒకరి మలం గొయ్యి పక్కనే మరొకరి తాగునీటి బోరు వస్తుంది. సెప్టిక్ ట్యాంకు నీరు భూమిలో ఇంకే చోటుకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలని భారత ప్రమాణాలు చెబుతాయి. అంటే దాదాపు అరవై అడుగులు. ఇరవై ముప్ఫై అడుగుల వెడల్పు స్థలాల్లో ఆ దూరం ఎక్కడిది? పైగా చిత్తూరు ప్రాంతం కింద ఉన్నది గట్టి రాయి. నీరు ఇసుకలో వడకట్టుకుని పోయినట్టు కాకుండా రాతి పగుళ్ల వెంట పరుగెడుతుంది. పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు వేసినా నీరు పడని చోట్లున్నాయి. అంత కష్టపడి తెచ్చుకున్న నీటిలోకి మురుగు కలవకుండా చూసుకోవడానికి దిక్సూచి పనికిరాదు, టేపు పట్టుకుని దూరం కొలవాలి.

తిరుపతి నేలే ఈ నమ్మకానికి జవాబు చెబుతుంది. ఉత్తరం, తూర్పు పల్లంగానూ, దక్షిణం, పడమర ఎత్తుగానూ ఉండాలన్నది తెలుగు వాస్తులో పెద్ద సూత్రం. తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలు గోడలా నిలిచి ఉన్నాయి. దక్షిణాన పల్లంలో స్వర్ణముఖి పారుతోంది. సూత్రం నిజమైతే ఈ ఊరు ఎప్పుడో పాడుబడాలి. కాని దేశం నలుమూలల నుంచీ జనం వచ్చే ఊరిగా, యూనివర్సిటీలూ ఆసుపత్రులూ ఉన్న నగరంగా ఎదిగింది. 2022 ఏప్రిల్ 4న తన పేరుతోనే జిల్లా కేంద్రమైంది. ఇక్కడి మురుగు కొండ నుంచి ఏటి వైపే జారుతుంది. దాని వాలును ఏ సిద్ధాంతీ మార్చలేడు. నాలుగంగుళాల పైపుకు దాదాపు నలభై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు కావాలి. వాస్తు కోసం వాలుకు ఎదురుగా పైపు తిప్పిన ఇంట్లో వానాకాలంలో మురుగు వెనక్కి తన్నుతుంది.

2021 నవంబరు వరదల తర్వాత తిరుపతి శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంటి సంపు సిమెంటు ఒరలతో సహా నేలలోంచి పైకి లేచింది. లోపల శుభ్రం చేస్తున్న ఇంటావిడ చిన్న గాయాలతో బయటపడింది. వింత చూడటానికి జనం బారులు తీరారు. భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్లు కారణం చెప్పారు. నేల నీటితో నానిపోయింది, లోపలి నీళ్లు తోడేసరికి ట్యాంకు తేలికైంది, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి దాన్ని పైకి నెట్టింది. ముంపు ప్రాంతంలో సెప్టిక్ ట్యాంకును ఖాళీ చేసినా ఇదే జరగవచ్చు. నీటికి బరువు తెలుసు, వాలు తెలుసు. ఈశాన్యం తెలియదు.

అనుభవంలో చూశామనే వాళ్లకు రెండు చోట్లు చూపిస్తాను. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండు దగ్గర శ్రీనివాసం వసతి సముదాయాలు, ఊరంతా వందల లాడ్జీలు ఉన్నాయి. నడవకు అటూ ఇటూ గదులు కట్టినప్పుడు ఒక వరుసలో బాత్రూము ఒక దిక్కుకు వస్తే ఎదురు వరుసలో వ్యతిరేక దిక్కుకు వస్తుంది. పైగదిలోని లెట్రిన్ కింది గదిలో దేవుడి పటానికి పైనే ఉండవచ్చు. వాటిలో పడుకుని లేచి భక్తులు కొండెక్కుతారు, ఎవరికీ దోషం తోచదు. రెండోది, ఉద్యోగుల క్వార్టర్సు. ఒకే ప్లానుతో వరుసగా కట్టిన ఇళ్లు, అన్నింట్లో లెట్రిన్ ఒకే మూల. ఒక ఇంట్లో బిడ్డకు మెడిసిన్ సీటు వచ్చింది, పక్కింట్లో రాలేదు. ఒకరికి ప్రమోషన్, ఒకరికి గుండెపోటు. మూల ఒకటే అయినప్పుడు ఫలితాలు వేరెందుకయ్యాయి? కీడు జరిగిన ఇంటికి మాత్రమే సిద్ధాంతిని పిలుస్తాం. అదే మూలన లెట్రిన్ ఉండి హాయిగా ఉన్న ఇళ్లను ఎవరూ లెక్కపెట్టరు. నమ్మకం బతికేది ఆ లెక్క వేయకపోవడం వల్లే.

చదువుకున్నవాళ్ల నుంచి తరచుగా వినిపించే మాట వేరే ఉంది. “మాకు పట్టింపు లేదు. రేపు అమ్మాలంటే కొనేవాళ్లు అడుగుతారు కదా!” వాస్తును నమ్మేవాళ్లకన్నా దాన్ని ఎక్కువ కాలం బతికించేది ఈ మాటే. తనకు లేని భయాన్ని, ఎదుటివాడికి ఉందేమోనన్న అనుమానంతో, గోడల్లో సిమెంటుతో పోసి తర్వాతివాళ్లకు అప్పగిస్తున్నారు. కొనేవాడూ అదే మాట అంటాడు, వాడి తర్వాత కొనేవాడూ అంటాడు. ఎవరూ గట్టిగా నమ్మకపోయినా అందరూ డబ్బు కడతారు. ప్రభుత్వాల స్థాయిలోనూ ఇది చూశాం. హైదరాబాదులో పాత సచివాలయానికి వాస్తు దోషముందన్న మాట ఏళ్లపాటు చర్చలో ఉంది. 2020 జులైలో దాన్ని కూల్చారు, 2023 ఏప్రిల్ 30న కొత్త భవనం ప్రారంభించారు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుడి విధి అని రాజ్యాంగంలో 51ఎ అధికరణం చెబుతుంది. 1976లో చేర్చిన ఆ మాట పాలకులకూ వర్తిస్తుంది.

నిజానికి ఇంటి విలువ కట్టేవాళ్ల కాగితాల్లో ఈశాన్యానికి గడి లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్టాంపు డ్యూటీకి ప్రాంతం, విస్తీర్ణం, కట్టడం రకం చూస్తారు. ఇంటి పన్నూ అలాగే వేస్తారు. ‘దోషం’ పేరుతో ధర తగ్గిన గట్టి ఇల్లు దొరికితే నమ్మకం లేనివాళ్లు ధైర్యంగా కొనాలి. దాని మూల మార్చకుండా బతికి చూపించాలి.

ఈ భయం వేళ్లు ఇంకా లోతుగా ఉన్నాయి. మలం మైల, దాన్ని తాకేవాడు మైల అన్న కులభావమే లెట్రిన్‌ను ఇంటికి అంటరానిదిగా చేసింది. చేతులతో మలం ఎత్తించుకునే మరుగుదొడ్లను 1993లో చట్టం నిషేధించింది. 2013 చట్టం సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపడాన్నీ నేరం చేసింది. అయినా విషవాయువులకు మనుషులు చచ్చిపోతూనే ఉన్నారు. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో ఇంటి ఆవరణలో మరుగుదొడ్డి ఉన్న కుటుంబాలు 46.9 శాతమే. సగానికి పైగా కుటుంబాలకు ఏ మూలనా మరుగుదొడ్డి లేని దేశంలో మూల గురించి పోట్లాడుకున్నాం. పొద్దు గుంకేదాకా కడుపు బిగబట్టుకున్నది ఆడవాళ్లు.

కాబట్టి ఇల్లు కొనబోయేవాళ్లకు నా విన్నపం ఇది. కింద మరుగుదొడ్డి ఉందా అని తప్పక అడగండి. తలుపు చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పుందా, గడప ఎత్తెంత, కిటికీ ఉందా, నేల జారుతుందా, గోడ కడ్డీ మోయగలదా చూడండి. బకెట్టు నీళ్లు పోసి ఎంత వేగంగా పోతున్నాయో గమనించండి. సెప్టిక్ ట్యాంకు బోరుకు ఎంత దూరమో కొలవండి. అది నిండినప్పుడు మనిషి దిగకుండా లారీ గొట్టం అందే దారి ఉందా అడగండి. అమ్మేవాళ్లు కూడా వాస్తు సర్టిఫికెట్టు కోసం గోడలు పగలగొట్టకుండా ఆ డబ్బుతో పైపులు, వెంటిలేటరు బాగుచేయించండి. ఈశాన్యంలో తప్ప వేరే చోటు లేకపోతే ఈశాన్యంలోనే కట్టండి. మీ ఇంటి పెద్దలకు కావలసింది రాత్రి రెండింటికి ఎవరి సాయమూ లేకుండా వెళ్లిరాగలిగే మరుగుదొడ్డి.