ముఖలేపనములును వాని పరీక్షలును

ముఖమునకు క్రీము పూసికొను బాలబాలికలు మా పై తరగతులయందు నేడు పెక్కండ్రు గలరు. మేము దానిని దూషింపము. కాని “ఇది కొబ్బరినూనెనుండి చేసినదే గదా, దీనివలన కీడేమి?” యని తల్లిదండ్రులు సైతము పలుకుట వినుచున్నాము. ఈ మాటను మేము సమ్మతింపజాలము.

క్రీము డబ్బీమీది చిన్న యక్షరములను చదివినచో ఐసోప్రొపైల్ మిరిస్టేటు అను పేరు తఱచుగా కానవచ్చును. ఇది క్రొవ్వు ఆమ్లమునుండి కలుగు ఎస్టరు. మిరిస్టిక్ ఆమ్లము జాజికాయయందును కొబ్బరినూనెయందును గలదు. జాజికాయ చెట్టు శాస్త్రనామమైన మిరిస్టికా నుండియే దానికా పేరు కలిగెను. ఈ యామ్లము ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో సంయోగము నొందగా, నీరు వెడలి ఎస్టరు మిగులును. అది పలుచనిది, చర్మముపై సులభముగా వ్యాపించును. కొబ్బరినూనె దీనికి పుట్టినిల్లు కావచ్చును గాని, ఇది కొబ్బరినూనె కాదు.

మఱి దీనిని పరీక్షించిన విధమెట్టిది? కుందేలు చెవి లోపలి చర్మమునకు కొన్ని వారములు పూసి, రోమకూపములు మూసికొనునేమో చూచు పద్ధతి యొకటి యుండెను. ఈ ఎస్టరు ఆ చెవియందు మొటిమలవంటి వానిని పుట్టించెను. అయితే కుందేలు చెవి మనుష్యుని చర్మముకంటె త్వరగా చెడునది. కావున దానినిబట్టి భయపడుటయు సరికాదు. అమెరికాలో 1976లో ఏర్పడిన సౌందర్యద్రవ్య పరిశీలక మండలి 1982లో దీనిని, నాటి వాడుక పరిమాణములలో, నిరపాయకరమని తేల్చెను. ఆ మండలికి ధనమిచ్చునది వర్తకుల సంఘమే. అంతమాత్రమున తీర్పు అసత్యమని మేమనము. నివేదికలు అచ్చుపడి యెల్లరకు లభించుచున్నవి, అది మెచ్చదగినది. కాని “ఆ పరిమాణములలో” అను మాటను అమ్మువారును కొనువారును మఱచుచున్నారు.

మఱియొక సంగతి. ఈ ఎస్టరు తోడి ద్రవ్యములను చర్మములోనికి చొప్పించు గుణము గలది. ఔషధలేపనములయందు దీనిని ఆ పనికే చేర్చుటయు గలదు. ఒంటరిగా నిరపాయమైనది సుగంధద్రవ్యముతో కలిసినప్పు డేమి చేయునో వేఱుగా చూడవలెను. ఒక్కొక్క ద్రవ్యమును పరీక్షించిన చాలునను వాదము మాకు నచ్చనిది ఇందుచేతనే.

మనదేశమున సౌందర్యద్రవ్యములను జంతువులపై పరీక్షించుట 2014లో నిషేధింపబడెను. మేమందులకు మిక్కిలి సంతసించుచున్నాము. మన మొగముల నునుపునకై కుందేళ్లేల బాధపడవలెను? మానవకణములతో పెంచిన చర్మపుపొరపై మంటను కనుగొను పరీక్ష 2010నుండి అంతర్జాతీయముగా అంగీకృతమై యున్నది. అయినను ఆ పొరకు రక్తప్రసారము లేదు. నెలలతరబడి వాడగా పుట్టు సరిపడనితనమును అది తెలుపజాలదు.

కాబట్టి తల్లిదండ్రులారా, క్రొత్త క్రీమును పిల్లల ముఖమునకు పూయకముందు ముంజేతి లోపలిభాగమున కొంచెము పూసి, వారము పదిదినములు చూడుడు. దురదగాని దద్దురుగాని పుట్టినచో వాడుక మానుడు. డబ్బీని మాత్రము పాఱవేయక వైద్యునికి చూపుడు. ద్రవ్యముల పేర్లు సాధారణముగా దానిమీదనే యుండును.