వేయి యంత్రాలూ, ఒక పుస్తకమూ



"రాడార్‌కు చిక్కని విమానాన్ని సృష్టించింది కంప్యూటరే. ఇప్పుడు వేల ప్రాసెసర్లు ఒక్కమారుగా పనిచేస్తున్నాయి కనుక ఇక సిద్ధాంతాలతో నిమిత్తం లేదు" అనే వాదం తరచుగా వినవస్తున్నది. చదువుకున్న పెద్దలే ఇలా అంటుంటే పిల్లలు గణితాన్ని చులకన చేయడంలో వింత లేదు. ఈ వాదంలో సగం సత్యం, సగం అజ్ఞానం.

మొదట లెక్క చూద్దాం. నేటి కార్ల రాడార్లు వాడే 77 గిగాహెర్ట్జ్ రేడియో తరంగపు దైర్ఘ్యం సుమారు 3.9 మిల్లీమీటర్లు. అది ఎదుటి కారుపై పడి ఏ దిక్కుకు ఎంత చెదరుతుందో తెలియాలంటే, 1966లో కేన్ యీ ప్రతిపాదించిన పద్ధతిలో ఆ కారున్న చోటును గళ్ళుగా విభజించి, ప్రతి గడిలోనూ మాక్స్‌వెల్ సమీకరణాలను క్షణక్షణమూ సాధించాలి. తరంగదైర్ఘ్యానికి 10 గళ్ళ చొప్పున, 4.5 మీటర్ల పొడవు, 1.8 వెడల్పు, 1.5 ఎత్తు గల కారుకు దాదాపు 20 వేల కోట్ల గళ్ళు! గడికి ఆరేసి సంఖ్యలు. వాటిని మెమరీలో ఉంచడానికే సుమారు 5 వేల గిగాబైట్లు కావాలి. గడి కొలతను సగం చేస్తే గళ్ళు 8 రెట్లవుతాయి. కాలవ్యవధినీ సగం చేయాలి కనుక పని 16 రెట్లు.

ప్రాసెసర్లను పెంచితే సరి అంటారా? ఒక్కొక్క ప్రాసెసరుకు ఒక్కొక్క ముక్క పంచినా, సరిహద్దు గళ్ళ విలువలను ఇరుగుపొరుగులు ప్రతిమారూ ఇచ్చిపుచ్చుకోక తప్పదు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చూపిన న్యాయం మరొకటి ఉంది. పంచుకోవీలులేని భాగం నూటికి 5 పాళ్ళే అయినా, అదే లెక్కకు లక్ష యంత్రాలను కూర్చినా వేగం 20 రెట్లకు మించదు. శతావధానంలో పృచ్ఛకులు నూర్గురైనా అవధాని ఒక్కడే గదా!

ఇక చరిత్ర. 1962లో ప్యోత్ర్ ఉఫిమ్‌త్సెవ్ అనే సోవియట్ శాస్త్రవేత్త, అంచుల వద్ద తరంగాల వివర్తనాన్ని గూర్చి ఒక గ్రంథం ప్రచురించాడు. అమెరికా వైమానిక దళం 1971లో దానిని అనువదింపజేసింది. లాక్‌హీడ్ సంస్థలోని డెనిస్ ఓవర్‌హోల్సర్ ఆ అనువాదం చదివి, ఆ సూత్రాల ఆధారంగా 1975 ప్రాంతంలో 'ఎకో' అనే ప్రోగ్రాము రూపకల్పనకు పూనుకొన్నాడు. విమానాన్ని బల్లపరుపు పలకలుగా, వాటి అంచులుగా భావించి లెక్క కట్టడం అందులోని కీలకం. 1981లో ఎగిరిన ఎఫ్-117కు ఆ పలకల రూపం రావడానికి కారణం, వంపుల లెక్క నాటి యంత్రాల శక్తికి మించినది కావడమే. 1989లో ఎగిరిన బి-2 వంపులు తిరిగిందంటే పెరిగిన యంత్రశక్తి తోడ్పడిన మాట నిజం, కాదనను. కాని ఆ బి-2 వెనుకనూ ఉఫిమ్‌త్సెవ్ సిద్ధాంతమే ఉన్నది.

యంత్రం ఘనతను నేను తగ్గించడం లేదు. తరంగానికి 10 గళ్ళకు బదులు 3 పెట్టినా అది అభ్యంతరం చెప్పదు. నిస్సంకోచంగా రంగురంగుల బొమ్మ గీసి చూపుతుంది. ఆ బొమ్మ తప్పని పసిగట్టేది చదువు. ప్రోగ్రాము నడపడం మాత్రమే నేర్పి, సమీకరణం నేర్పకుండా విడిచిన విద్యార్థి ఆ బొమ్మను నమ్మి సంతకం చేస్తాడు. ఆ రాడార్‌ను నమ్ముకొని కారెక్కేది మనమే.

వేయి యంత్రాలకు డబ్బు సమకూర్చే ప్రభుత్వాలు, ఒక్క మంచి శాస్త్రగ్రంథాన్ని తెలుగు చేయించడానికీ అంతే చొరవ చూపాలి. విభేదించే మిత్రులు నిస్సంకోచంగా వ్యాఖ్యానించగలరు.