లైసెన్సుకి పట్టని తుప్పు

"సైకిల్ తొక్కడం లాంటిదే బాసూ, ఒకసారి వస్తే జన్మలో మర్చిపోవు." చాన్నాళ్ళు జంపులు మానేసి మళ్ళీ స్కైడైవింగుకి వెళ్దామనుకునేవాడికి దొరికే మొదటి సలహా ఇదే. చెప్పేవాళ్ళు మంచి మనసుతోనే చెప్తారు. కానీ నా ఉద్దేశ్యంలో ఈ ఆటలో ఇంతకన్నా ప్రమాదకరమైన సలహా ఇంకోటి లేదు.

నాదీ అదే పరిస్థితి కాబట్టి ఇదంతా రాస్తున్నాను. అమెరికా వచ్చాక 'ఏ' లైసెన్సు తీసుకున్నాను. ఆ తర్వాత ప్రాజెక్టు, ఊరు మారడం, ఇండియా ప్రయాణం.. అలా పద్నాలుగు నెలలు గడిచిపోయాయి. వచ్చే నెల మళ్ళీ మొదలుపెడుతున్నాను.

తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరం. అమెరికాలో స్కైడైవింగ్ లైసెన్సులిచ్చేది యు.ఎస్.పి.ఎ అనే సంస్థ. 'ఏ' లైసెన్సుకి కనీసం 25 జంపులు, 'బి'కి 50, 'సి'కి 200, 'డి'కి 500 ఉండాలి. తమాషా ఏంటంటే ఒకసారి వచ్చిన లైసెన్సుకి గడువు తేదీ లేదు. మెంబర్‌షిప్ కడుతూ ఉంటే చాలు. అయితే ఆ సంస్థే ఇంకో మాట కూడా చెప్తుంది. 'ఏ' వాళ్ళు 60 రోజులు, 'బి' వాళ్ళు 90 రోజులు, 'సి', 'డి' వాళ్ళు ఆరు నెలలు జంప్ చెయ్యకపోతే, మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు కనీసం ఒక జంపైనా అర్హత ఉన్నవాళ్ళ పర్యవేక్షణలో చెయ్యాలని సూచన.

దీని మీద సణుగుడు చాలా వింటాను. "ముప్ఫై జంపులు చేసినవాణ్ణి మళ్ళీ ఒకటో క్లాసులో కూచోబెడతారా? డబ్బులు గుంజే ఎత్తు కాకపోతే!" అని. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

మనకొచ్చే పనులు రెండు రకాలు. ఒకటి సైకిల్, ఈత, టైపింగ్ లాంటివి. ఆగకుండా సాగే పనులు, ఒంటికి పట్టేస్తాయి, ఏళ్ళ తర్వాత కూడా పెద్దగా పోవు. రెండోది వరసగా చెయ్యాల్సిన స్టెప్పులు. ముందు ఇది, తర్వాత అది. గుండె ఆగినవాడికి చేసే సి.పి.ఆర్ లాంటివన్నమాట. ఇవి కొన్ని నెలల్లోనే చెదిరిపోతాయి. స్కైడైవింగులో రెండూ ఉన్నాయి. గాల్లో బోర్లా పడుకుని నిలకడగా ఉండటం మొదటి రకం. ఆ భాగానికి సైకిల్ పోలిక సరిపోతుంది. కాస్త బెరుకు ఉన్నా ఒకట్రెండు జంపుల్లోనో, విండ్ టనెల్లో కొన్ని నిమిషాల్లోనో తిరిగొచ్చేస్తుంది. పారాచూట్ సరిగ్గా తెరుచుకోనప్పుడు చెయ్యాల్సింది మాత్రం రెండో రకం. కుడివైపు హ్యాండిల్ చూడాలి, పట్టుకోవాలి, లాగి పాడైన పారాచూట్‌ని వదిలించుకోవాలి, ఆ తర్వాత ఎడమవైపు హ్యాండిల్ లాగి రిజర్వ్ తెరవాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మెయిన్ పారాచూట్ మొరాయించడం అరుదు కాబట్టి చాలామంది కొత్తవాళ్ళు ఈ రెండోపని గాల్లో ఒక్కసారి కూడా చేసి ఉండరు. మన భాషలో చెప్పాలంటే బ్యాకప్ రోజూ తీస్తాం, రీస్టోర్ ఎప్పుడూ చేసి చూడం. సర్వర్ పోయిన రోజు డాక్యుమెంట్ వెతుక్కోవచ్చు. ఇక్కడ ఆ టైముండదు. బోర్లా పడేటప్పుడు వేగం గంటకి సుమారు 190 కిలోమీటర్లు. అంటే వెయ్యి అడుగులకి ఆరు సెకన్లు కూడా పట్టవు. 2,500 అడుగుల దగ్గర ఏమీ తెరుచుకోకపోతే నేలకి మిగిలేది 14 సెకన్లు.

పైగా సామాను మారి ఉంటుంది. నేర్చుకునేటప్పుడు కొన్నిచోట్ల ఒకే హ్యాండిల్ రెండుపనులూ చేసే రిగ్ ఇస్తారు. తిరిగొచ్చాక అద్దెకి దొరికేది రెండు హ్యాండిళ్ళది కావచ్చు. కంగారులో చెయ్యి పాత అలవాటు ప్రకారమే పోతుంది.

"ఆటోమేటిగ్గా రిజర్వ్ తెరిచే పరికరం ఉందిగా" అంటారు. నిజమే, 1991లో వచ్చిన సైప్రెస్ ఎంతోమందిని కాపాడింది. కానీ అది చూసేది ఎత్తు, వేగం మాత్రమే. సగం తెరుచుకున్న పారాచూట్ కింద వేగం తగ్గితే అది పని చెయ్యకపోవచ్చు. ఇక చక్కగా తెరుచుకున్న పారాచూట్‌తో నేలకి దగ్గరగా తప్పుడు మలుపు తిప్పి చనిపోయేవాళ్ళూ ఉన్నారు. అక్కడ అదేం చేస్తుంది?

భయపెట్టడం నా ఉద్దేశ్యం కాదు. 2023లో అమెరికాలో సుమారు 36.5 లక్షల జంపులకి చనిపోయింది 10 మంది. ఆ సంఖ్య అంత తక్కువగా ఉండటానికి ఇలాంటి విసుగు పుట్టించే నియమాలూ ఒక కారణమని నా నమ్మకం.

59వ రోజున లేని ప్రమాదం 61వ రోజున ఎక్కణ్ణుంచి వస్తుంది అని అడగొచ్చు. లాజిక్ కరెక్టే. కానీ గీత ఎక్కడో ఒకచోట గియ్యాలి, అదీ మనం గియ్యకూడదు. ఎంత మర్చిపోయామో తెలియాలంటే ఆ మర్చిపోయింది గుర్తుండాలి కదా! నైపుణ్యం తగ్గినంత వేగంగా ధైర్యం తగ్గదు. అందుకే లెక్క కేలెండర్‌కి వదిలెయ్యాలి.

ఇంకా మాట్లాడితే నాలాంటి ఏడాది దాటిన కేసుకి ఆ ఒక్క జంపూ చాలదంటాను. నేలమీద హార్నెస్‌లో వేలాడుతూ చెయ్యి తడుముకోకుండా పోయేదాకా హ్యాండిళ్ళ ప్రాక్టీసు, పెద్ద సైజు పారాచూట్, కాస్త ఎక్కువ ఎత్తులోనే తెరవడం, గాలి ఎక్కువుంటే ఆ రోజుకి మానుకోవడం. సొంత రిగ్ ఉన్నవాళ్ళు దాని సంగతీ చూసుకోవాలి. అమెరికాలో రిజర్వ్‌ని 180 రోజులకోసారి రిగ్గర్ చేత విప్పించి మళ్ళీ ప్యాక్ చేయించాలి.

మా అమ్మ ఫోనులో "మానేశావు కదరా, మళ్ళీ ఎందుకు?" అంది. "జాగ్రత్తగా ఉంటాలే అమ్మా" అనేశాను. ఆ జాగ్రత్త అనేది నా గుండె ధైర్యంలో ఉండదు. ఒక శనివారం పొద్దున్న, నాకు తెలుసనుకున్నదే మళ్ళీ చెప్పించుకుంటూ కూచునే ఓపికలో ఉంటుంది. మీలో ఎవరైనా తిరిగి వెళ్తుంటే, కౌంటర్ దగ్గర "ఎన్ని జంపులు?" అని అడిగినప్పుడు సంఖ్య చెప్పి ఊరుకోకండి. ఆఖరిది ఏ తేదీనో కూడా చెప్పండి.