ఒక క్రియ – పెక్కు తోడులు

ఆంగ్లము చదువ నారంభించిన మన పిల్లలకు తొలిదినములలోనే ‘రన్’ అను క్రియ ఎదురగును. ‘పరుగెత్తుట’ అని పలకపై వ్రాసికొని, ఆ మాట తమకు వశమైనదని తలంతురు. కాని ఆక్సుఫర్డు ఆంగ్ల నిఘంటువును సంస్కరించు పండితులు ఈ యొక్క క్రియకే 645 అర్థములు లెక్కించినట్లు 2011లో వెల్లడియైనది. 1928లో ముగిసిన తొలికూర్పున ‘సెట్’ అను క్రియ అగ్రస్థానమున నుండెడిది. ఆ స్థానము నిప్పుడు ‘రన్’ గైకొన్నది.

ఈ సంఖ్యకు బెదరవలదు. విశాఖపట్టణము నుండి అరకులోయకు పోవు ప్రయాణమునే తలచుకొందము. కొండల నడుమ రైలు నడచును. దాని ప్రక్కన బాట సాగును. బొర్రా గుహలలో గోస్తని పాఱును. లోయలో నొక యిల్లాలు కాఫీ దుకాణము నడుపును. చలికి పిల్లవాని ముక్కు కారును. సంతలో కొన్న చీర తొలి ఉతుకుననే రంగు దిగును. ఇల్లు చేరి చూతుము గదా, డబ్బాలో బియ్యము నిండుకొన్నవి! లేవని పలుకుట అశుభమని మన గృహిణులు ‘నిండుకొన్నవి’ అందురు. వీటి యన్నింటికిని ఆంగ్లేయుడు ‘రన్’ అను క్రియనే వాడును. ఇందు పరుగెత్తిన దొక్కటియు లేదు.

ఒడలు వెచ్చబడినను వారికి ‘రన్’ అనియే వాడుక. మనకు జ్వరము కాయును. ఈ ‘కాయు’ అను మన క్రియ మాత్రము తక్కువదా? చెట్టు కాయును, ఎండ కాయును, వెన్నెల కాయును, రైతు చేను కాయును. పుట్టినది మొదలు వినుచుండుటచే మనకిది వింతగా తోచదు.

అరకు ప్రాంతపు గిరిజన గృహములలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా మున్నగు భాషలు పలుకుదురు. అట్టి యింటి బాలిక బడిలో ‘చెట్టు కాయును’ అని నేర్చి, మఱునాడు ‘జ్వరము కాయుచున్నది’ అని విని, జ్వరమునకు కాయ లెక్కడివని యడిగినచో నవ్వుట న్యాయమా? ఆమెకు తెలుగే రెండవ మెట్టు. ఆంగ్లము దానిపై మూడవది. నవ్వులపాలైన పిల్ల మఱల ప్రశ్న యడుగదు. అడుగని పిల్లకు చదువు క్రమముగా దూరమగును. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ఈ కష్టము నెఱిగి, సవరల భాషను తామే నేర్చి, వారి పిల్లలకు ఆ భాషలో పుస్తకములు వ్రాసిరి. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా మొదలగు భాషలలో, తెలుగు లిపిలో అచ్చయిన పుస్తకములతో, చిన్న తరగతుల బోధన యారంభమైనది.

మఱి పెక్కర్థముల క్రియను నేర్పు టెట్లు? మన పూర్వులే యుపాయము చెప్పియున్నారు. సంస్కృతమున ‘సైంధవము’ అనగా ఉప్పును, గుఱ్ఱమును గూడ. భోజనమునకు కూర్చున్నవాడు సైంధవము తెమ్మన్నచో ఉప్పు తెత్తురు. ప్రయాణమునకు లేచినవాడు తెమ్మన్నచో గుఱ్ఱమును తెత్తురు. ఇట్టిచోట్ల అర్థము నిర్ణయించుటకు సంయోగము, సాహచర్యము, ప్రకరణము మున్నగు హేతువులను భర్తృహరి వాక్యపదీయమున పేర్కొనెను. మాట ఎవరితో కూడియున్నది, ఏ సందర్భమున పలికినది, ఇది చూచినచో చాలును.

కావున ‘రన్’ ఎదుట ‘పరుగెత్తుట’ అని మాత్రమే వ్రాయింపవలదు. పుస్తకమున మొదటి వరుసలో రైలు, నది, దుకాణము, ముక్కు అని తోడుమాటలను వ్రాయించి, ఒక్కొక్క దాని యెదుట తెలుగు క్రియను పిల్లలచేతనే చెప్పింపుడు. దినమున కొకటి చాలును. ఇంటిభాష వేఱైనచో మూడవ వరుస నేర్పఱచి, అందలి మాటలను తల్లినో అవ్వనో అడిగి వ్రాసికొమ్మనుడు. అక్షరము లెఱుగని అవ్వయు ఆ పూట ఉపాధ్యాయురాలగును.

మందు పుచ్చుకొనుట, బస్సెక్కుట, ఛాయాచిత్రము తీయుట, కాలము పట్టుట – ఈ నాల్గింటికిని ఆంగ్లమున ‘టేక్’ ఒక్కటే చాలును. మిగిలిన తోడులను ఈ నెలలో పిల్లలచే వెదకింపుడు. వచ్చు నెల దానిని గూర్చి ముచ్చటింతము.